క్విటో పాత ఊళ్లో గైడ్‌తో నడక: నాన్నని తీసుకెళ్లొచ్చా?

పెన్నా ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, రొయ్యల హేచరీలో పని చేస్తాను. అక్టోబరు ఆఖర్లో కంపెనీ వాళ్లు నన్ను ఈక్వెడార్‌లోని గ్వయాకిల్‌కి పంపిస్తున్నారు. మనం చెరువుల్లో వేసే వనామీ రొయ్యకి పుట్టిల్లు ఆ పసిఫిక్ తీరమే, ఇవాళ ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ రొయ్యలు ఎగుమతి చేసేదీ ఆ దేశమే, కాబట్టి అక్కడ పని గురించి నాకు బెంగ లేదు. బెంగంతా పని అయ్యాక మిగిలే నాలుగు రోజుల గురించి.

మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారు, రిటైరై ఆరేళ్లయింది. నా చిన్నప్పుడు గ్లోబు ముందేసుకుని, చూపుడువేలు భూమధ్యరేఖ మీద పెట్టి మెల్లగా తిప్పుతూ, దక్షిణ అమెరికా రాగానే ఆపి "ఈ గీత పేరే ఈ దేశానికి పేరు" అని చెప్పడం నాకింకా గుర్తు. వేలు పెట్టీ పెట్టీ ఆ గ్లోబు మీద ఆ చోట రంగు పోయి తెల్లగా అయిపోయింది. రెండేళ్ల క్రితం అమ్మ పోయింది. అప్పట్నుంచి పొద్దున వీఆర్సీ గ్రౌండులో నడక తప్ప ఆయన బయటికి రావడమే తగ్గించేశారు. అందుకని టికెట్ ఖర్చు నేను పెట్టుకుని వెంట తీసుకుపోతున్నా. నా పని అయ్యేదాకా హోటల్లో ఉంటారు, తర్వాత ఇద్దరం రాజధాని క్విటో వెళ్లి, పాత ఊరు చూసి, భూమధ్యరేఖ మీద నిలబడి వచ్చేద్దామని.

పాత ఊళ్లో పొద్దున పూట గైడ్ రెండున్నర మూడు గంటలు నడిపిస్తూ అన్నీ చెప్తాడట, చివర్లో మనకి తోచింది ఇస్తే చాలట, అలాంటి టూర్లు చాలా కనిపించాయి. నాన్నకి 66, బీపీకి మాత్ర వేసుకుంటారు, మోకాళ్లు బాగానే ఉన్నాయి. కానీ ఆ ఊరు 2850 మీటర్ల ఎత్తున ఉందంటున్నారు, మనమేమో సముద్రం పక్కన పుట్టి పెరిగినోళ్లం. అంతసేపు నడవగలరా? గైడ్ ఇంగ్లీషులో గబగబా చెప్పుకుంటూ పోతే ఆయనకి అందుతుందా, లేకపోతే మేమిద్దరమే మా పాటికి మేం తిరగడం మేలా? ఆయన శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. వెళ్లొచ్చిన వాళ్లెవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి. ఆయన మనసు కొంచెం తెరిపిన పడితే నాకంతే చాలు.

విడవలూరు వనామీ:

తమ్ముడూ, ముందు ఎత్తు సంగతి చెప్తా, మిగతావన్నీ తర్వాత. నేను మేత కంపెనీ తరఫున అటు రెండుసార్లు వెళ్లొచ్చా. గ్వయాకిల్‌లో నీకు కొత్తేమీ అనిపించదు, నది సముద్రంలో కలిసే చోట రేవు, ఉక్కపోత, దోమలు, అంతా మన కృష్ణపట్నం వైపు ఉన్నట్టే. అక్కడ విమానం ఎక్కితే గంటలోపే క్విటోలో దిగుతావు. ఆ గంటలో సముద్రమట్టం నుంచి 2850 మీటర్లు ఎక్కేస్తావన్నమాట. తిరుమల కొండ సుమారు 850 మీటర్లు, దానికి మూడింతల పైమాటే. గాలి పీడనం ఇక్కడున్న దాంట్లో దాదాపు 70 శాతమే ఉంటుంది, పీల్చే ప్రతి ఊపిరిలో ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది.

మొదటిసారి నాకీ లెక్క తెలియక దిగిన రోజే పదింటికి టూర్‌లో చేరిపోయా. గంటసేపు బాగానే ఉంది. ఒక ఎగుడు వీధి సగం ఎక్కేసరికి గుండె చప్పుడు చెవుల్లో వినపడుతోంది, తలకి తడి తువ్వాలు బిగించి కట్టినట్టు ఒకటే నొప్పి, గైడ్ చెప్పేది ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. గుంపులో పాతికమందిమి ఉన్నాం, ముందు నడిచే ఆ కుర్రాడు వెనక ఎవరెట్టా ఉన్నారో తిరిగి చూసిన పాపాన పోలేదు. ఒక చర్చి మెట్ల మీద కూలబడి, వాంతి చేసుకుని, ట్యాక్సీలో హోటల్‌కి పోయి పడుకున్నా. ఆ రోజూ పోయింది, మర్నాడూ పోయింది.

రెండోసారి బుద్ధిగా ఉన్నా. దిగిన రోజు ఏమీ పెట్టుకోలేదు, నీళ్లు తాగుతూ, సూప్ లాంటిది ఏదో తింటూ, కిటికీలోంచి పిచించా కొండ మీద మబ్బులు చూస్తూ గడిపేశా. రెండో రోజు చదును వీధుల్లో అరగంట తిరిగా. మూడో రోజు టూర్. అవే వీధులు, అవే మెట్లు, అసలేమీ ఇబ్బంది పడలేదు. మీకు నాలుగు రోజులున్నాయి కాబట్టి నువ్వూ మూడో రోజుకే పెట్టుకో, ఎవరేం చెప్పినా ముందుకి జరపొద్దు. కేబుల్ కార్ ఒకటుంది, దాదాపు 4000 మీటర్ల ఎత్తుకి తీసుకుపోతుంది, దాని జోలికి నాన్నని తీసుకుపోవద్దు. ఎత్తుకి వేసుకునే అసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది కానీ సల్ఫా మందులు పడనోళ్లు జాగ్రత్తగా ఉండాలి, బీపీ మాత్రతో కలిపి వేసుకోవచ్చా లేదా అనేది మీ నాన్నని చూసే డాక్టరే చెప్పాలి. ఇక్కడ నా మాట విని వేసేయొద్దు.

ఇంకోటి, చలిగా ఉందని ఎండని తక్కువ అంచనా వేయొద్దు. భూమధ్యరేఖ దగ్గర, అంత ఎత్తులో ఎండ సూదుల్లా గుచ్చుతుంది. టోపీ పెట్టించు, స్వెట్టర్ వేయించు, గొడుగు చేతిలో ఉంచుకో. పొద్దున ఎండ కాసి మధ్యాహ్నానికి వాన దిగడం అక్కడ మామూలే.

మూలాపేట అక్క:

బాబూ, నీ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయా. మావారి ఉద్యోగం వల్ల క్విటోలో ఏడాదిన్నర ఉన్నాం, మనవైపు నుంచి ఎవరొచ్చినా పాత ఊరికి నేనే తీసుకుపోయేదాన్ని. మీ నాన్నగారికి గైడ్‌ని తప్పకుండా పెట్టు. అయితే పాతికమంది గుంపు వద్దు, మీ ఇద్దరికే విడిగా వచ్చేవాళ్లు దొరుకుతారు. ముందే మెసేజ్ పెట్టి, మా నాన్న మాస్టారు, మెల్లగా నడుస్తారు, ప్రశ్నలు బాగా అడుగుతారు అని చెప్పు. గుంపు టూర్లలో మనిషికి 5 నుంచి 10 డాలర్లు ఇస్తుంటారు, విడిగా అయితే ధర ముందే మాట్లాడుకోవాలి, ఎక్కువే అవుతుంది, అయినా ఆ డబ్బుకి బాధపడవు. డాలర్లంటే అమెరికా డాలర్లే. బ్యాంకులు కూలిపోయిన సంక్షోభంలో 2000లో వాళ్ల సొంత డబ్బు తీసేసి డాలర్లకి మారిపోయారు. చిన్న నోట్లు తీసుకుపో, యాభై, వంద నోట్లు చిల్లర కొట్లలో తీసుకోరు.

నడక దాదాపు అందరూ ప్లాసా గ్రాందే అనే చౌకులోనే మొదలుపెడతారు. నాలుగు పక్కలా అధ్యక్షుడి భవనం, కెథెడ్రల్, ఆర్చిబిషప్ భవనం, మున్సిపల్ ఆఫీసు. అధ్యక్షుడి భవనం కింద వీధి వైపు చిన్న చిన్న కొట్లుంటాయి, పైన దేశాన్ని ఏలుతుంటారు, కింద టోపీలు అమ్ముతుంటారు. చౌకు మధ్యలో స్తంభం కింద గాయపడ్డ సింహం ఉంటుంది, అది స్పెయిన్‌కి గుర్తు. 1809 ఆగస్టు 10న ఈ ఊరి పెద్దలు స్పెయిన్ అధికారిని దించేసి సొంత సభ పెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండానే, 1810 ఆగస్టు 2న, జైల్లో పెట్టిన ఆ నాయకుల్ని సైనికులు చంపేశారు. చివరికి విడుదల వచ్చింది 1822 మే 24న, ఊరి వెనకున్న పిచించా కొండ వాలు మీద సూక్రే అనే సేనాని గెలిచిన యుద్ధంతో. ఆయన సమాధి ఈ కెథెడ్రల్‌లోనే ఉంది. తీసేశారన్నానే ఆ పాత డబ్బు, దాని పేరూ సూక్రేనే. ఇదే చౌకులో 1875 ఆగస్టు 6న గార్సియా మొరెనో అనే అధ్యక్షుణ్ణి భవనం గుమ్మం దగ్గర కత్తులతో నరికి చంపారు. గైడ్ ఆ మెట్ల దగ్గరే నిలబెట్టి చెప్తాడు, అక్కడ ఎవరైనా ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండిపోతారు.

అక్కడి నుంచి ఏడు శిలువల వీధి అంటారు, రాతి శిలువలున్న చర్చిలు వరసగా ఆ వీధిలోనే. దాంట్లో లా కొంపాన్యియా చర్చికి టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లండి, తటపటాయించొద్దు. 1605లో మొదలుపెట్టి 1765 దాకా కట్టారు, 160 ఏళ్లు. గోడలు, పైకప్పు, స్తంభాలు, ఎటు చూసినా బంగారు రేకు. నల్లటి రాతి గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టగానే మన మొహాల మీద కూడా పసుపు వెలుగు పడుతుంది. గుమ్మానికి కాస్త లోపల ఒక పక్క మెలికల మెట్లుంటాయి, రెండో పక్క కూడా అలాంటివే కనిపిస్తాయి, దగ్గరికి పోయి చూస్తే అవి గోడ మీద వేసిన బొమ్మ. రెండు వైపులా సమానంగా ఉండాలని లేని మెట్లని రంగులతో కట్టారు. నేను పదిసార్లు చూసుంటా, పదిసార్లూ చేత్తో తాకాలనిపించింది. ఇంకో గోడకి నరకం పటం ఉంది. 1620లో ఒక పాదిరీ వేసిన దానికి 1879లో తీసిన నకలు అది. ఏ పాపానికి ఏ శిక్షో ఒక్కొక్కరినీ విడివిడిగా బొమ్మ గీసి చూపించారు, మన తాతలు తిరునాళ్లలో చూపించిన యమలోకం పటాలు గుర్తొచ్చి నాకు ఒళ్లు జలదరించింది. చర్చి పూర్తయిన రెండేళ్లకే, 1767లో, దాన్ని కట్టిన జెస్యూట్ పాదిరీలను స్పెయిన్ రాజు తన రాజ్యం మొత్తం నుంచి వెళ్లగొట్టాడు. ఎవరో చెప్పేవాళ్లు పక్కన లేకపోతే ఇవన్నీ మనకి కనపడవు బాబూ, బంగారం ఒక్కటే కనపడుతుంది.

ఆ తర్వాత సాన్ ఫ్రాన్సిస్కో. పెద్ద రాతి మైదానం, కొంచెం వాలుగా ఉంటుంది, పై అంచున తెల్ల గోపురాల చర్చి. స్పెయిన్ వాళ్లు 1534లో వచ్చేసరికి రుమిన్యావి అనే సేనాని, అంతకుముందు అక్కడ ఏలిన ఇంకాల మనిషి, ఈ ఊరిని వాళ్ల చేతికి చిక్కకుండా తగలబెట్టేసి ఉన్నాడు. ఇంకాల రాజు భవనం ఉన్న చోటే ఈ చర్చి లేచిందంటారు. ఇక్కడే కాంతున్యా కథ చెప్తారు. చర్చి ముందు గచ్చు గడువులోపు కట్టిస్తానని ఒప్పుకున్న ఆ ఊరి మనిషి, గడువు దగ్గరపడి పని తెమలక, సైతానుకి ప్రాణం రాసిచ్చి రాత్రికి రాత్రి కట్టించుకున్నాడట, తెల్లారాక చూస్తే ఒక్క రాయి తక్కువ, పని పూర్తి కాలేదు కాబట్టి ఒప్పందం చెల్లలేదు. ఆ రాయి లేని చోటు ఎక్కడని పిల్లలు ఇప్పటికీ వెతుకుతారు. నాన్నగారిని ఆ గుండ్రటి మెట్ల మీద పదిహేను నిమిషాలు కూర్చోబెట్టు. లోపల ప్రధాన పీఠం మీద రెక్కలున్న మేరీమాత చిన్న చెక్క విగ్రహం ఉంటుంది, 1734లో బెర్నార్దో దె లెగార్దా చెక్కింది. దక్షిణాన పానెసియో గుట్ట మీద కనపడే పెద్ద విగ్రహం దాని నమూనాయే, 1970ల్లో సుమారు 7000 అల్యూమినియం ముక్కలతో కట్టారు. ఆ గుట్టకి మెట్ల దారిన నడిచి వెళ్లొద్దు, అక్కడ దొంగతనాలు ఎక్కువ, ట్యాక్సీలో వెళ్లి ట్యాక్సీలోనే దిగండి.

దగ్గర్లో సాన్ ఫ్రాన్సిస్కో మార్కెట్ ఉంది. లోపల ఆకులు, మూలికలు అమ్మే ఆడవాళ్లు మనిషిని నిలబెట్టి, ఒంటికి కుట్టే ఆకు కట్టలతో కొడుతూ, పూల రెక్కలు రుద్దుతూ చెడు దిగిపోయేలా చేస్తారు. దాన్ని లింపియా అంటారు. మా అత్తగారు చూసి, అంటే వీళ్లూ దిష్టి తీస్తారన్నమాట అని, వాళ్ల భాష ఒక్క ముక్క రాకపోయినా ఆ ముసలామె చేతులు పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆ మార్కెట్లో సీతాఫలం జాతి పండ్లు, జామ, బొప్పాయి, పల్లీలు, మిరపకాయలు అన్నీ చూపించు. మన ప్రకాశం మిర్చీ, పల్లీ, పొగాకు అన్నింటికీ మూలం ఆ ఖండమేనని మాస్టారికి మనం చెప్పాల్సిన పనిలేదు, కానీ చూసి చాలా సంబరపడతారు.

ఒంగోలు గిత్త:

అక్క చెప్పిందంతా నిజమే కానీ గైడ్ తప్పనిసరి అన్న మాటతో నేను ఏకీభవించను. నేను ఒక్కడినే నాలుగు రోజులు తిరిగా. 1978లో యునెస్కో మొట్టమొదటి ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టిన పన్నెండింటిలో ఈ పాత ఊరు ఒకటి, పోలండ్‌లోని క్రాకోతో పాటు. వీధులన్నీ గళ్లు గళ్లుగా ఉంటాయి, తప్పిపోవడం కష్టం. ఇష్టమొచ్చిన చోట కూర్చోవచ్చు, ఎవరి టైమూ చూసుకోనక్కర్లేదు. వయసులో పెద్దవాళ్లకి ఆ స్వేచ్ఛ ముఖ్యం కదా. మెట్రో కూడా వచ్చేసింది, 2023 డిసెంబరు నుంచి నడుస్తోంది, సాన్ ఫ్రాన్సిస్కో మైదానం కిందే స్టేషను.

బసీలికా అనే పెద్ద చర్చి మాత్రం వదలొద్దు. పాత ఊరి ఉత్తరం అంచున ఉంది. చర్చి చూరు నుంచి బయటికి పొడుచుకొచ్చిన రాతి బొమ్మలు యూరప్‌లో అయితే భూతాలు, ఇక్కడ మాత్రం వాళ్ల దేశపు జంతువులే, మన అలుగుల్లా కనిపించే ఆర్మడిల్లోలు, ఇగ్వానాలు, తాబేళ్లు. నేను మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడ్డా. పైకెక్కే నిచ్చెనలు బాగా నిటారుగా ఉంటాయి, నాన్నగారు కింద నుంచే చూడటం మంచిది.

తిండికి ఇబ్బంది లేదు. లోక్రో దె పాపాస్ అని బంగాళాదుంప సూప్, చిక్కగా, పైన చీజ్, అవకాడో ముక్కలు, ఆ చలికి అంతకు మించింది లేదు. మొక్కజొన్న రుబ్బి పొత్తి ఆకులో చుట్టి ఆవిరికి ఉడికించేవి ఉమితాస్, గుడ్డు వేసి చేసేవాళ్లుంటారు కాబట్టి అడిగి తీసుకో. ఉడికించిన పెద్ద మొక్కజొన్న గింజలు మోతె. "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ ఉయెవో, సిన్ మాంతెకా", అంటే మాంసం, కోడి, గుడ్డు, పంది కొవ్వు వద్దు అని, కాగితం మీద రాసుకుని చూపించు. చివరిది మర్చిపోవద్దు, దుంపల కూరల్లో కూడా కొవ్వు వాడతారు. ప్రతి టేబుల్ మీదా ఆహీ అనే మిరప పచ్చడి పెడతారు, మనకి కారం సరిపోదు గానీ రుచి బాగుంటుంది. మీరు వెళ్లేది అక్టోబరు ఆఖరు కదా, నవంబరు 2 వాళ్ల పెద్దల పండగ, దానికి నల్ల మొక్కజొన్న పిండి, పండ్లు కలిపి కాచే ఊదా రంగు కొలాదా మొరాదా అప్పటికే అన్ని చోట్లా అమ్ముతుంటారు. వేడివేడిగా తాగించు.

పెన్నా ఒడ్డు:

అన్నా, అక్కా, చాలా చాలా థాంక్స్. మూడో రోజుకి మార్చేశాను, డాక్టర్‌ని కూడా కలిశాం. గైడ్ విషయంలో అక్క మాటే పట్టుకుంటున్నా, మా నాన్నకి చూడటం కన్నా అడగడం ఎక్కువ ఇష్టం, అడిగితే జవాబిచ్చే మనిషి పక్కన ఉండాలి. ఇంకొక్కటి. భూమధ్యరేఖ దగ్గర కట్టిన స్మారకం అసలు రేఖ మీద లేదని ఎక్కడో చదివా. నిజమేనా? నాన్నకి ఇంకా చెప్పలేదు.

సింగరాయకొండ స్టేషన్:

నిజమే బాబూ, చెప్పేయండి, ఆయన బాధపడరు. నేను సర్వే డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరయ్యాను, ఈ విషయం మీద ఎప్పట్నుంచో ఆసక్తి. క్విటోకి ఉత్తరాన సుమారు 26 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ 30 మీటర్ల స్మారకం, జీపీఎస్ ప్రకారం అసలు రేఖకి 240 మీటర్ల దూరంలో ఉంది. పక్కనే ఉన్న మ్యూజియంలో రేఖకి ఇటు ఒకలా అటు ఒకలా నీళ్లు సుడి తిరుగుతాయని చూపిస్తారు, అది నమ్మొద్దు, తొట్టిలో నీళ్లు పోసే తీరుని బట్టి జరిగేదే.

అసలు మీ నాన్నగారికి చెప్పాల్సిన కథ వేరే ఉంది. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉందా, లేక నడుం దగ్గర సన్నగా ఉందా అని యూరప్‌లో పెద్ద తగాదా నడిచేది. తేల్చడానికి ఫ్రాన్స్ అకాడమీ 1735లో గోదాన్, బూగేర్, లా కొందామీన్ అనే ముగ్గురిని ఇక్కడికి, మరుసటి ఏడాది ఇంకో బృందాన్ని ఉత్తర ధ్రువం వైపు లాప్‌లాండ్‌కి పంపింది. వీళ్లు 1736లో క్విటో దగ్గర యారుకీ మైదానంలో సుమారు 12 కిలోమీటర్ల గీత ఒకటి కర్రలు వరసగా పేర్చి కొలిచారు. ఆ కొండల మీద చలిలో, మబ్బు ఎప్పుడు విడిపోతుందా అని ఎదురుచూస్తూ, త్రిభుజాలు కట్టుకుంటూ పోయి పని ముగించేసరికి ఏళ్లు పట్టింది. భూమి నడుం దగ్గర ఉబ్బి ఉందని తేలింది, న్యూటన్ చెప్పిందే. మీరు దిగే విమానాశ్రయం ఆ మైదానానికి దగ్గర్లోనే.

దీన్ని మన వైపుకి కలిపి చెప్పండి. 1802లో లాంబ్టన్ అనే ఇంగ్లీషు సర్వేయరు మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసుతో కొలిచిన మొదటి గీత కూడా దాదాపు 12 కిలోమీటర్లే, 57 రోజులు పట్టింది. మన దేశం మొత్తాన్ని కొలిచిన సర్వేకి అదే మొదలు. మనం చెన్నై పోయినప్పుడల్లా పక్క నుంచే పోతుంటాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎండలో గొలుసు పట్టుకుని రోజుకి ఎన్నో మైళ్లు నడిచేవాణ్ని, అందుకే ఆ కర్రలు పేర్చిన మనుషుల కష్టం నాకు బాగా తెలుసు. పేరు వినపడని కూలీలు చాలామంది ఉండి ఉంటారు రెండు చోట్లా.

మూలాపేట అక్క:

గిత్త గారూ, ఒక్కరే తిరిగే స్వేచ్ఛ గురించి మీరన్నది కాదనను, రెండో రోజు సాయంత్రం అలాగే తిరగమనండి. బాబూ, రెండు ముఖ్యమైనవి మర్చిపోయా. ఈక్వెడార్ నుంచి మన దేశానికి తిరిగొచ్చేటప్పుడు యెల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు, వేయించుకున్నాక పది రోజులకి గానీ అది చెల్లదు, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. చెన్నై గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, 60 దాటిన వాళ్లకి డాక్టర్ చూసి వేయొచ్చో లేదో చెప్తారు, కాబట్టి ఆఖరి నిమిషం దాకా ఆగొద్దు. రెండోది, 2024 జనవరి నుంచి అక్కడ ముఠాల గొడవల వల్ల ప్రభుత్వం చాలాసార్లు అత్యవసర పరిస్థితి పెట్టింది. బయల్దేరే ముందు మన విదేశాంగ శాఖ హెచ్చరికలు చూసుకో. ఫోన్ చేతిలో పట్టుకుని నడవొద్దు, చీకటి పడ్డాక పాత ఊళ్లో తిరగొద్దు. మా ఇంట్లోనే ఒకరి ఫోన్ బస్సులో పోయింది, ఎలా పోయిందో తెలియను కూడా తెలియలేదు.

పెన్నా ఒడ్డు:

నిన్ననే నెల్లూరు చేరాం, అందరికీ చెప్పాలి కదా అని రాస్తున్నా.

మూడో రోజే నడిచాం. గైడ్ ముప్పై ఏళ్ల అమ్మాయి, ఆ ఊళ్లోనే పుట్టింది. మూడు గంటలు అనుకున్నది ఐదు గంటలైంది, తప్పంతా నాన్నదే. కొంపాన్యియాలో ఆయన బంగారం వంక ఎక్కువసేపు చూడలేదు, ఆ లేని మెట్ల దగ్గరే నిలబడిపోయారు. సాన్ ఫ్రాన్సిస్కో మెట్ల మీద కూర్చుని, ఈ రాళ్లన్నీ మోసిందెవరు అని అడిగారు. ఆ అమ్మాయి కొంచెం ఆగి, మా వాళ్లే, ఇక్కడివాళ్లే అంది. వాళ్ల నాయనమ్మ ఇంట్లో అక్కడి మూలవాసుల భాష కిచ్వా మాట్లాడేదట. అక్కడి నుంచి ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటూనే ఉన్నారు, ముప్పై ఏళ్ల క్రితం క్లాసులో విన్న గొంతు మళ్లీ విన్నా. ఆయాసం వచ్చినప్పుడల్లా ఆయనే చెయ్యెత్తి ఆపారు. నాలుగో రోజు రేఖ దగ్గరికి వెళ్లాం. ఫోన్‌లో అక్షాంశం అంకెలు సున్నాకి వచ్చే చోటు వెతుక్కుంటూ స్మారకం దాటి నడిచి, అక్కడ ఇద్దరం చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డాం. సర్వే మాస్టారు చెప్పిన కథ విన్నాక ఈసారి చెన్నై వెళ్లినప్పుడు మౌంట్ ఎక్కాలంటున్నారు.

నడక చివర్లో లా రోందా అనే సన్న వీధికి తీసుకెళ్లింది. ఒక కొట్లో చెక్క బొమ్మలు చేస్తున్నారు, మన ఉదయగిరిలో గరిటెలు చేసినట్టే, కింద అంతా రంపపు పొట్టు. అక్కడ బొంగరాలు చూసి నాన్న ఆగిపోయారు. కొట్టాయన తాడు చుట్టి విసిరి, తిరిగే బొంగరాన్ని అరచేతిలోకి ఎక్కించుకుని చూపించాడు. నాన్న దాన్ని తీసుకుని, తాడు చుట్టి, మొదటిసారి తప్పి, రెండోసారి విసిరి, అరచేతిలోకే ఎక్కించారు. ఆ కొట్టాయన చప్పట్లు కొట్టి, డబ్బులు తీసుకోనన్నాడు, నేను బలవంతాన ఇచ్చా. ఆ బొంగరం ఇప్పుడు ఇంట్లో గ్లోబు పక్కన ఉంది. తాడు సరిగ్గా చుట్టడం రాక మా పాప పొద్దున్నించి ఆయన వెనకే తిరుగుతోంది.